తాత పేరు మనుమడికి: సూర్యాపేట సీమలో పేర్ల వారసత్వం



ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతున్నదో, ఆయన హాజరుపట్టీ చదివినప్పుడు ప్రతి పిల్లవాణ్ణీ ఇంటిపేరుతో సహా నిండుగా పిలిచేవారు. ఏ పేరునూ కుదించేవారు కాదు. ఆయన గౌరవార్థం ఈ పూట పేర్ల గురించే మాట్లాడదలిచాను.

అమెరికాలో కొన్ని ఇళ్లలో తండ్రి పేరే కొడుక్కు పెట్టి, చివర జూనియర్ అని తగిలిస్తారు. మనుమడికీ అదే పేరైతే మూడో అంకె వేస్తారు. మన దిక్కు పేరు సాధారణంగా అట్లా దిగదు, ఒక తరం దాటి మనుమడి దగ్గర ఆగుతుంది. దీనికి చాలా పాత సాక్ష్యం మన ఇరుగుపొరుగునే ఉంది. నాగార్జునకొండ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల వరుస చూడండి: శాంతమూలుడు, ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల శాంతమూలుడు, తర్వాత రుద్రపురుషదత్తుడు. తాత పేరు మనుమడికి వచ్చింది, ఇద్దరినీ వేరుచేసే మాట పేరుకు ముందు చేరింది. రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో పాలనా సంవత్సరపు శాసనం మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలోనే దొరికింది. ఆ రాజులు వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని తల్లి గోత్రాన్ని కూడా పేరుకు ముందు మోశారు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ మర్యాద మన దరఖాస్తుల్లో ఎప్పుడో మాయమైంది.

కాకతీయుల్లోనూ ఇదే నడక. ఒక బేతరాజు, ఒక ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు. మొదటి, రెండవ అనే అంకెలు చరిత్రకారులు గుర్తు కోసం పెట్టుకున్నవి. తండ్రీకొడుకులకు ఒకే పేరు వచ్చిన ఇళ్లూ లేకపోలేదు. తాళ్లపాక అన్నమాచార్యుని కొడుకు పెదతిరుమలాచార్యుడు, ఆయన కొడుకు చినతిరుమలాచార్యుడు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి ఊరిపేరునే ఇంటిపేరుగా మోసిన కవి పినవీరభద్రుడు. పెద, చిన, పిన, నడిపి: వరుస చెప్పే మాటను పేరుకు ముందు నిలపడం మన పద్ధతి. ఇప్పటికీ పల్లెల్లో పెద్ద వీరయ్య, చిన్న వీరయ్య అనే పిలుస్తారు.

ఇంట్లో ఈ పేర్లు ఎట్లా బతికాయో చెప్పాలి. కోడలు మామ పేరు పలకకూడదు. అదే పేరు కొడుక్కు పెడితే పిలవడం ఎట్లా? అందుకని చంటివాణ్ణే ‘తాతా’ అని, ఆడపిల్లనైతే ‘నాయనమ్మా’ అని పిలిచేవారు. పెద్దల పేరు మోస్తున్న పిల్లను కొట్టడానికి చెయ్యి వెనుకాడేది. ఇంతకంటే మెత్తని వారసత్వ పత్రం నాకు తెలియదు.

తాతల పేర్లకు మూలం చాలాసార్లు ఒక గుట్టో, దర్గానో. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఆ స్వామి పేరున ఊరూరా లింగయ్యలు, లింగమ్మలు, లింగస్వాములు. మట్టపల్లి, వాడపల్లి, యాదగిరిగుట్ట నరసింహస్వాముల పేరున నర్సయ్యలు, నర్సమ్మలు, యాదగిరులు. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని పుట్టిన హిందూ బిడ్డలు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. ఒక ముస్లిం సయ్యదు మీది భక్తి హిందూ కుటుంబాల్లో తాత నుంచి మనుమడికి పేరై నడవడం మన సీమకు గొప్ప గౌరవమని నేను మనసారా నమ్ముతాను.

ఇక పేరు చివరి తోక. పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. అక్కడి ‘రెడ్డి’ని ఈనాటి అర్థంలో చదివితే పొరపాటు. కాకతీయుల నాటి శాసనాలను పరిశోధించిన సింథియా టాల్బట్ 2001లో వచ్చిన తన పుస్తకంలో, ఆనాడు రెడ్డి, నాయక, బోయ వంటివి హోదాను చెప్పే బిరుదులని, తండ్రికి ఒకటి, కొడుక్కు మరొకటి ఉన్న సందర్భాలూ కనిపిస్తాయని చూపించారు. అంటే చివరి మాట పుట్టుకతో దానంతట అది వచ్చేది కాదు. లంబాడీ తండాల్లో ‘నాయక్’ కూడా మొదట తండా పెద్దకే చెందింది.

ఈ తోక ఆడవాళ్లకు చాలాకాలం రాలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో రాజక్కగా దళాలను నడిపిన స్వరాజ్యం భీమిరెడ్డి వారింట పుట్టి, పెళ్లితో మల్లు వారి ఇంటిపేరులోకి వెళ్లారు. ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి. అన్న పేరు చివర రెడ్డి ఉంది, చెల్లెలి పేరు చివర ఏమీ లేదు. 2022లో ఆమె కన్నుమూసే దాకా ఒట్టి స్వరాజ్యమనే పేరే ఈ ప్రాంతమంతా గౌరవంతో పలికింది.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. కోదాడ నుంచి డల్లాస్ వెళ్లిన అబ్బాయికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే చిక్కు, నింపితే ఇంకో చిక్కు. ఇంటిపేరు పొడి అక్షరమైపోయి, చివరి ‘రెడ్డి’, ‘రావు’, ‘గౌడ్’ కుటుంబనామంగా స్థిరపడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలకు ఊరు చెప్పే ఇంటిపేరు అందదు, తాత పేరు అందదు, కులం చెప్పే తోక ఒక్కటే అందుతుంది. మూడింటిలో ముందుగా వదలదగినదే మిగిలిపోతున్నది. ఈ నష్టం నన్ను నిజంగా బాధపెడుతున్నది. లింగయ్య మనుమడు లింగస్వామి కావడం, అతని కొడుకు లిఖిత్ కావడం తప్పని నేననను. కాలానికి తగ్గ పేరు పెట్టుకునే హక్కు తల్లిదండ్రులందరికీ ఉంది. అయితే లిఖిత్‌కు ఆ లింగయ్య ఎవరో తెలియాలి.

మీ అందరినీ ఒక్కటే కోరుతున్నాను. ఇంటికి వెళ్లి ఒక నోటుపుస్తకం తీయండి. మీకు తెలిసినంత వెనక్కి పేర్లు రాయండి: ఇంటిపేరు, పెద్దా చిన్నా అనే గుర్తు, ఊళ్లో పిలిచిన ముద్దుపేరు, ఏ దేవుడికి మొక్కి పెట్టారో ఆ సంగతి. నాయనమ్మల, అమ్మమ్మల పుట్టింటి ఇంటిపేర్లు తప్పకుండా రాయండి, ముందుగా మరుగయ్యేవి అవే. పెద్దవాళ్లు ఉండగానే అడగండి.