పెరిగిన అద్దె ఎవరిది?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన నెల్లూరు జిల్లాలో ఒక బ్యాంకు క్యాషియరు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు వెలిశాయి. రోజుకు రూపాయి. కొంగుముడి విప్పి కౌంటరు మీద చిల్లర పోస్తే, వెనక వరుస విసుక్కుంటున్నా, ఆయన ప్రతి నాణెం లెక్కపెట్టి పాసుబుక్కులో ఎక్కించేవారు. పేదవాళ్లకు పొదుపు చేతకాదనేవాళ్లను ఒక్కపూట తన కుర్చీలో కూర్చోబెట్టాలని ఆయన కోరిక.

ఆ కోరికను ఇవాళ అమెరికా దాకా మోసుకెళ్తాను. మన పిల్లలు సాఫ్ట్‌వేరు చేసే అమెరికా కాదు, సర్కారు ఇళ్లలో బతికే అమెరికా.

అక్కడ సర్కారు ఇళ్లకు 1937లో చట్టం వచ్చింది. ముప్ఫయ్యేళ్లు గడిచేసరికి సెయింట్ లూయిస్‌లో కొందరికి ఆదాయంలో సగానికి పైగా అద్దెకే పోతోంది. 1969లో వాళ్లు అద్దె కట్టడం మానేసి సమ్మె చేశారు. ఆ ఏడే సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ చొరవతో అద్దె ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదన్నారు. 1981లో దాన్ని 30 శాతం చేశారు.

మంచి చట్టమే. మెలిక ఎక్కడుందో చూడండి. ఒకావిడకు లెక్కలోకి వచ్చే ఆదాయం నెలకు 1000 డాలర్లైతే అద్దె 300. ఆవిడ ఇంకో షిఫ్టు చేసి 1500 తెచ్చుకుంటే అద్దె 450. ఒళ్లు హూనమయ్యేది ఆవిడకి, వాటా ఇంటాయనకి! వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్సెస్సై భృతి సంగతి మరీ అన్యాయం. ఒంటరి మనిషి దగ్గర 2000 డాలర్లకు మించి దాచిన సొమ్ముంటే భృతి ఆగిపోతుంది. ఆ హద్దు 1989 నుంచీ కదల్లేదు. దాచుకోమని బోధించే చేత్తోనే దాచుకున్నందుకు మొట్టికాయ.

1990లో వచ్చిన చట్టం అద్దెలోని ఆ మెలికను తిరగేసింది. పథకం పేరు ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ. అద్దె 450 కట్టాల్సిందే. కానీ పెరిగిన ఆ 150తో సమానమైన సొమ్ము నెలనెలా ఆ కుటుంబం పేరిట విడిగా జమవుతుంది. మామూలుగా ఒప్పందం అయిదేళ్లు. నేను చెప్పిన లెక్కే అయిదేళ్లూ సాగితే 9000 డాలర్లు. ఒప్పుకున్న లక్ష్యాలు నెరవేర్చి, ఉద్యోగంలో ఉండి, నగదు సాయం మానుకుంటే ఆ సొమ్ము చేతికొస్తుంది. కారు కొంటారో, అప్పు తీరుస్తారో, ఇంటికి తొలి వాయిదా కడతారో వాళ్లిష్టం. మధ్యలో తప్పుకుంటే మాత్రం మామూలుగా జమ దక్కదు. ఈ షరతు నాకు మింగుడు పడదు. మూడేళ్లు కష్టపడ్డావిడ నాలుగో ఏట జబ్బుపడితే ఆ మూడేళ్ల చెమట ఏమైనట్టు?

పొగడ్తలతో సరిపెట్టను. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా పరిశీలించి, పథకంలో చేరినంత మాత్రాన ఉద్యోగాలూ జీతాలూ సగటున పెరగలేదని తేల్చింది. నిజమే కావచ్చు. ఖాతా తెరిస్తే కొలువు పుట్టదు. బోస్టన్‌లో 2005లో మొదలైన కంపాస్ వర్కింగ్ క్యాపిటల్ అనే సంస్థ, పక్కన కూర్చుని అప్పుల చిట్టా, క్రెడిట్ స్కోరు విప్పి చెప్పే మనిషిని పెట్టింది అందుకే. మన క్యాషియరు గారి పనే అది.

ఆ పథకానికి అర్హులు లక్షల్లో ఉన్నా చేరినవాళ్లు వేలల్లోనే. ఫారాలు నింపాలి, ఆఫీసుకు తిరగాలి, సర్కారు మాట నమ్మాలి. బోస్టన్ పొరుగున ఉన్న కేంబ్రిడ్జి నగరంలో రెంట్ టు సేవ్ అనే ప్రయోగం చేశారు. చేరతారా అని అడగలేదు. ముందే అందరినీ చేర్చి, వద్దన్నవాళ్లను తప్పించారు. నా ఓటు ఆ పద్ధతికే.