చక్రాల మీద హాకీ

ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన హైదరాబాద్ తిరుమలగిరిలో ఐస్ హాకీ మాటేమిటని మీరు అడగవచ్చు. మంచు లేని చోట ఆ ఆటకు దారి చూపింది చక్రాల బూట్లే. ఒకే వరసలో చక్రాలున్న స్కేట్లు కట్టుకుని, నున్నటి గచ్చు మీద ఆడేదే ఇన్‌లైన్ హాకీ. గోల్‌కీపర్ కాక జట్టుకు నలుగురు. మంచు మీదైతే ఐదుగురు. ఒకరు తగ్గడంతో ఖాళీ పెరిగి, పాసులకు విలువ వస్తుంది.

1988లో ఐస్ హాకీ మేటి ఆటగాడు వేన్ గ్రెట్జ్కీ ఎడ్మంటన్ నుంచి లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు మారాక, ఎండలు కాసే కాలిఫోర్నియాలో పిల్లలు వీధుల్లోనే హాకీ కర్రలు పట్టారు. 1993లో పుట్టిన అక్కడి అనహైమ్ జట్టు, నేటి డక్స్, మంచు రింకులతో ఆగలేదు. ఇర్వైన్‌లో ఇన్‌లైన్ రింకునూ నడిపింది. టికెట్టు కొనేవాళ్లకన్నా ముందు ఆడేవాళ్లకు చోటు చూపడం, నాకు ఎంతో నచ్చిన పని ఇది. ఇన్‌లైన్ రింకుకు గచ్చును చల్లబరిచే యంత్రాలక్కర్లేదు, ఖర్చూ తగ్గుతుంది.

మన దేశంలో ఐస్ హాకీకి వృత్తి లీగు లేదు. చక్రాల మీదైనా, మంచు మీదైనా ప్రతిభకు మాత్రం కొదవ లేదు. మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2025లో భారత మహిళలు ఐస్ హాకీ ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు.

తిరుమలగిరి, బోలారం పిల్లలకు కావలసింది చుట్టూ పిట్టగోడ ఉన్న గచ్చు, రెండు గోల్ పోస్టులు, సాయంత్రం దీపాలు. కంపెనీల చట్టం సామాజిక బాధ్యత ఖర్చులో క్రీడాశిక్షణకూ చోటిచ్చింది. ఊళ్లో ఉన్న కంపెనీలు ఆ పద్దు కింద ఇలాంటి రింకు ఒకటి కట్టించాలని నా కోరిక.