చివరి ముడి



చేతిపనితోనే చదువు నేర్పాలని 1937లో వార్ధాలో గాంధీగారు చెప్పారు. మన ఉంగుటూరు బడికి చేరేసరికి అది టైంటేబుల్లో ఒక గడిగా మిగిలింది. నాలుగో తరగతి మాస్టారు మాత్రం ఆ గడిని వదల్లేదు. గోనెగుడ్డ మీద సుద్దతో మామిడిపిందె గీసి, దబ్బనం, రంగు ఊలు చేతికిచ్చారు. గోనెలో సందులు కనిపిస్తాయి కనుక చిన్నవేళ్లకు తేలిక. అంచుకు కాడకుట్టు, లోపల గొలుసుకుట్టు. మగపిల్లాడికి కుట్లెందుకని ఇంట్లో నవ్వారు.

గొలుసుకుట్టుకు చివర ముడి పడకపోతే లాగితే మొత్తం ఊడొస్తుంది. నాది ప్రదర్శన రోజే ఊడింది, అందరి ముందూ. మాస్టారు ఊలు ఉండచుట్టి ఇచ్చి, "మళ్లీ కుట్టు" అన్నారు. కుట్టాను.

ఈ ఏడు మన నాలుగో తరగతికి ఆ పిందె మళ్లీ గీద్దాం. రెండు శనివారాలు నేనొస్తాను. దబ్బనాలు, ఊలు నావి. పాత గోనెలు మీ ఇళ్లల్లో ఉంటాయి, పంపండి.