మోటారు సైకిలుకు ఏ ఆయిలు పోయవలెను?

(హోసూరు తెలుగువారి సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



భాషను గూర్చియు, బడులను గూర్చియు మాటాడుకొను ఈ వేదికమీద ఇంజను ఆయిలు ప్రస్తావన కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కాని మన పిల్లలలో పెక్కుమంది మోటారు సైకిలును నమ్ముకొనియే జీవనము సాగించుచున్నారు. పూలు, కూరగాయలు కట్టుకొని తెల్లవారకముందే బెంగుళూరు చేరువారు కొందరు. కర్మాగారములకు పోయివచ్చువారు కొందరు. బండి నిలిచినచో వారి యింట పొయ్యి వెలుగదు. నేను ఆ సరకు అమ్ముకొనువాడను. ఖరీదైన డబ్బా అమ్మినచో నాకే లాభమెక్కువ. ఈ సంగతి ముందే చెప్పి, నా మాటలను తూచి తీసికొనుడని కోరుచున్నాను.

మొదట నా తప్పిదమును చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక పూలరైతునకు, "ఇది మేలైన సరకు" అని కారునకు పోయు సింథటిక్ ఆయిలును ఇచ్చితిని. పది దినములలో అతడు తిరిగివచ్చి, "అన్నా, బండి అరస్తా ఉండాది గాని ముందుకు పోవటం లేదు" అనెను. క్లచ్చి జారుచుండెను. ప్లేట్లు నా ఖర్చుతో మార్పించితిని. కాని అతడు పోగొట్టుకొన్న నాలుగు దినముల బేరమును ఎవరు తెచ్చి యిత్తురు? నాటినుండియే ఈ విషయమును శ్రద్ధతో తెలిసికొన నారంభించితిని.

కారులో ఇంజను ఆయిలు ఇంజనుకు మాత్రమే. మన మోటారు సైకిళ్లలో చాలవాటికి ఇంజను, గేరు పెట్టె, క్లచ్చి ప్లేట్లు మూడును ఒకే ఆయిలులో మునిగియుండును. పెట్రోలు ఆదాకై కారు ఆయిళ్లలో కొన్నిటియందు రాపిడిని బాగుగ తగ్గించు పదార్థములను కలుపుదురు. క్లచ్చికి ఆ రాపిడియే ప్రాణము. కావున తప్పు సింథటిక్‌ది కాదు, కారు ఆయిలును మోటారు సైకిలులో పోసిన నాది. ఇందుకొరకే జపానువారు 1998లో ‘జాసో’ ప్రమాణమును ఏర్పరచిరి. ఆయిలులో మునిగిన క్లచ్చి గల బండికి డబ్బామీద ‘ఎంఏ’ లేక ‘ఎంఏ2’ అను గుర్తుండవలెను. ‘ఎంబి’ గుర్తు గలది గేర్లులేని స్కూటర్లకు తగినది.

ఇక సింథటిక్, సాధారణము అను భేదమును చూతము. సాధారణమైన మినరల్ ఆయిలు ముడినూనెను శుద్ధిచేయగా వచ్చినది. సింథటిక్ రసాయన ప్రక్రియచే అణువులను సమముగ అమర్చి చేసినది. ముడినూనెనుండియే మిక్కిలి మార్పుచేసి తీసినదానిని గూడ నేడు ఆ పేరుతోనే అమ్ముదురు. రెండును కలిపినది సెమీ సింథటిక్. సింథటిక్ అధికమైన వేడికి త్వరగా చెడదు. చలిలో త్వరగా పారి, ఇంజను పైభాగములకు శీఘ్రముగ చేరును. అయినను దాని వెల తరచుగ రెట్టింపుండును.

మరి ఎవరికేది? బండితోకూడ వచ్చిన పుస్తకమే ప్రమాణము. అందు సింథటిక్ అని వ్రాసియున్నచో దానినే పోయవలెను; ఇది వాదమునకు చోటులేని మాట. ‘10డబ్ల్యు-30’ అని యున్నచోట, చిక్కనిది మేలని ‘20డబ్ల్యు-50’ పోయరాదు. చిన్న ఇంజను గలిగి, మినరల్ ఆయిలు చాలునని పుస్తకము చెప్పు బండికి అదియే చాలును. కాని గడువు దాటరాదు. దినమునకు 80 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినములు తిరుగువానికి 2,000 కిలోమీటర్లగును. గడువు 6,000 అయినచో మూడునెలల కొకమారు మార్చవలెను. సింథటిక్ పోసితినను ధీమాతో ఏడాది నడుపువానికంటె, మినరల్ పోసి గడువునకు మార్చువాడే తెలివిగలవాడు. బరువు మోసి, ఎండలో, రద్దీలో గంటలతరబడి నడుపువారికి సింథటిక్ పెట్టుబడి వృథాకాదు.

చిన్న బండిలో పట్టు ఆయిలు ఇంచుమించు ఒక లీటరే. పావు లీటరు తరిగినను నాలుగవవంతు పోయినట్లే. కావున వారమున కొకమారు మట్టము చూడుడు. ఆయిలు నల్లబడినంతమాత్రమున చెడినదని భ్రమపడకుడు. అది మలినమును తనలోనికి తీసికొనుచున్నదని అర్థము. తీసిన పాత ఆయిలును కాలువలో గాని చేనిగట్టున గాని పారబోయుట మన నీటిని మనమే చెరచుకొనుట. దానిని శుద్ధిచేయుటకు అనుమతి పొందినవారికి చేరునట్లు మెకానిక్కునకు అప్పగింపుడు.

తుదిగా ఒక్క మనవి. డబ్బామీది అక్షరములు ఇంగ్లీషువి. బండి పుస్తకములును తరచుగ ఇంగ్లీషువే. చదువలేని పెద్దలు అంగడివాని నోటిమాటనే నమ్ముదురు. నావంటివాడు పొరబడినచో నష్టము వారిది. చదువుకొన్న మన యువకులు ఆదివారమునాడు ఒక గంటసేపు ఇచట కూర్చుండి, పెద్దల బండ్ల పుస్తకములను చదివి, ఏ ఆయిలు, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అను మూడు మాటలను తెలుగున ఒక చీటిమీద వ్రాసి యీయవలెను. ఆ చీటి తెచ్చినవానికి నా అంగడిలో అందున్న సరకునే యిత్తునుగాని వేరొకటి అంటగట్టనని మీ అందరియెదుట మాట యిచ్చుచున్నాను.