పట్టీ ఎక్కడ బిగించాలి?

అమెరికాలో గెటిస్‌బర్గ్ దగ్గర, 1863 జులైలో జరిగిన యుద్ధాన్ని అభిమానులు సైనిక వేషాలు కట్టి మళ్లీ ఆడి చూపిస్తుంటారు. ఇంజినీరుని కదా, నా కళ్లు తుపాకులకంటే పట్టీల మీదే నిలిచాయి. 40 తూటాల తోలుపెట్టె పట్టీ ఎడమ భుజం మీదుగా దిగి, పెట్టె కుడి తుంటిమీద కూర్చోవాలి. నడుం బెల్టు ఆ పట్టీ మీదుగా బిగించాలి. లేకపోతే పరుగులో పెట్టె ఎగిరెగిరి పడుతుంది.

తిండిసంచి, నీళ్లడబ్బా ఎడమవైపు. డబ్బా అన్నిటికీ పైన వేసుకోవాలి. నీళ్లు పట్టేవాడికి అదొక్కటే తీసి ఇవ్వొచ్చు. కొత్తవాళ్లు దాని పట్టీ పొడుగ్గా వదిలేస్తారు, అది అడుగడుగునా తొడను బాదుతుంది. గుండీల రంగుమీద గంటలు వాదించేవాళ్లూ ఈ సంగతి పట్టించుకోరు! నన్నడిగితే అసలు వేషం అక్కడే ఉంది. జులై ఎండలో ఉన్నికోటు, నాలుగు కిలోల తుపాకీ మోస్తూ మైళ్లు నడిచినవాడు పట్టీని అలా వదలడు.