యున్నాన్ కొండలలో కన్ఫ్యూషియస్ బడులు



చీనాదేశమునకు నైరృతి మూలను, బర్మా నానుకొని, యున్నాన్ అను కొండసీమ కలదు. అచట యీ, దాయ్, మియావ్ మొదలగు పెక్కు తెగలవారు తమ తమ భాషలతో, తమ నాయకుల యేలుబడిలో చిరకాలముగా వసించుచుండిరి. 1274లో కుబ్లాయి ఖాను ఆ సీమకు సయ్యద్ అజ్జల్ శంసుద్దీన్ అను బుఖారావాసిని పాలకునిగా నంపెను. ఆతడు మహమ్మదీయుడు. అయినను కున్‌మింగ్ నగరమున కన్ఫ్యూషియస్ మహాశయునకు గుడి కట్టించి, చదువునకు భూములిచ్చెను. ఇది నాకు మిక్కిలి ముచ్చట గొల్పిన సంగతి. కాని నేడు నేను చెప్పదలచినది సుమారు 450 ఏండ్లకు పిమ్మట వచ్చిన మఱియొక యధికారిని గూర్చి.

ఆయన పేరు చెన్ హొంగ్‌మౌ. స్వస్థలము గ్వాంగ్సీ, అదియు సరిహద్దు సీమయే. 1723లో అత్యున్నత రాజపరీక్షయందు కృతార్థుడై, 1733లో యున్నాన్ రాష్ట్రమునకు కోశాధికారిగా వచ్చెను. అంతకు కొన్ని యేండ్ల ముందే చక్రవర్తి ప్రతినిధియగు ఓర్తాయి పెక్కుమంది తెగనాయకులను తొలగించి, వారి చోట ప్రభుత్వోద్యోగులను నిలిపి యుండెను. కత్తి నడచిన త్రోవనే పుస్తకమును నడచెనన్నమాట.

అప్పటి బడులు మిక్కిలిగా పట్టణములలో, చీనావారి పిల్లలకే యుపయోగించుచుండెను. చెన్ వానిని పల్లెలకును, కొండగూడెములకును కొనిపోయెను. 1738లో సీమ విడుచునప్పటికి ఆఱు వందలకు పైగా ధర్మపాఠశాలలు వెలసెను. ఉపాధ్యాయుని జీతము ఒకరి దయమీద నాధారపడకుండ, బడులకు మాన్యములు కల్పించి, వాని కౌలునుండి యిప్పించెను. నలువదేండ్లు బడిపంతులుగా బ్రతికినవాడను గనుక నీ యేర్పాటు విలువ నే నెఱుగుదును. మాన్యము లేని బడి మొదటి కఱవునకే మూతపడును! ఆయన పుస్తకములు కూడ నచ్చు వేయించి పంచెను. కొండజాతుల పిల్లలకును బుద్ధి యందఱివలెనే యుండుననియు, చెప్పువారు లేకయే వారు వెనుకబడిరనియు నాయన దృఢవిశ్వాసము.

ఇచట నొక ముల్లు కలదు. చదువంతయు చీనాభాషలోనే. పెండ్లి మొదలు ఉత్తరక్రియల వఱకు ఆచారములన్నియు చీనాపద్ధతికి మాఱవలెననియే యుద్దేశము. నా బడిలో నింటిభాష వేఱైన బాలుడొకడు ఆఱు మాసములు నోరు మెదపక కూర్చుండెను. మందమతి యని తలచితిని. మఱుసటి యేట తరగతిలో వాడే మొదటివాడయ్యెను, తప్పు నాది. యున్నాన్ గూడెములలో నట్టి మౌనము నెవరు గమనించిరో!

పొరుగున గుయిజౌ రాష్ట్రమున 1735లో మియావులు తిరుగబడిరి, కఠినముగా నణపబడిరి. 1751లో ఆ రాష్ట్రపు కోశాధికారి, అనగా యున్నానులో చెన్ చేసిన యుద్యోగమునే యచట చేయుచున్నవాడు, చక్రవర్తికొక విన్నపము పంపెను. చదువు చెప్పినకొలది మియావులకు తెలివి పెరిగి కపటము హెచ్చునట. కావున వారి బడులను సద్దు చేయక మూయింపవలెనట. చక్రవర్తి సమ్మతించెను. ఈ యధికారియు వారికి చదువు రాదని యనలేదు, వచ్చుననియే భయపడెను. అప్పటికి చెన్ యున్నాన్ విడిచి పదుమూడేండ్లయ్యెను.