వ్యాసమును దిద్దించుకొనుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



కళాశాలా ప్రవేశపరీక్షకు సిద్ధపడు విద్యార్థి గడియారము ఎదుట నుంచుకొని ఇంటియొద్ద ఒక వ్యాసము వ్రాయును. వ్రాయుటకంటె, వ్రాసినదానిని ఎవరికి చూపవలెనన్నది పెద్ద చిక్కు. తండ్రికి చూపిన ‘బాగున్నది నాయనా’ అనును. స్నేహితునికి చూపిన నవ్వును. ఉపాధ్యాయునికి చూపిన, ఆయన బల్లపై అప్పటికే కాగితముల కట్ట యుండును గనుక, అడుగున ఎర్రసిరాతో గీటు పెట్టి ‘గుడ్’ అని వ్రాసి పంపును. రేపటి వ్యాసములో దేనిని మార్చవలెనో ఆ ‘గుడ్’ చెప్పదు.

తెలుగునాట ఇంజనీరింగు, వైద్య కళాశాలల ప్రవేశపరీక్షలలో ఇప్పుడు వ్యాసము లేదు. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించుటయే పని. అయినను అమెరికాలో పైచదువులకు పోగోరు తెలుగు యువతీయువకులలో అనేకులు జి.ఆర్.ఇ. అను పరీక్ష వ్రాయుచున్నారు. అందు ఒక అభిప్రాయము నిచ్చి, దానిపై ముప్పది నిమిషములలో ఆంగ్లమున వ్యాసము వ్రాయుమందురు. 2023 సెప్టెంబరునకు పూర్వము రెండు వ్యాసములుండెడివి, ఇప్పుడొక్కటే. దానికి సున్న నుండి ఆరు వరకు మార్కులు. ఏండ్ల తరబడి జవాబులు గుర్తించుటకే అలవాటుపడిన చేతికి ఆ అరగంట మిక్కిలి బరువు. పట్టణములో డబ్బిచ్చి శిక్షణ పొందువానికి దిద్దువారు దొరకుదురు. పల్లెలోని కూలివాని కుమార్తెకు ఎవరు దిద్దవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు, అమెరికాలో ఏమి జరిగినదో కొంత తెలిసికొనుట మంచిది. కళాశాలల ప్రవేశమునకు ఉమ్మడి పరీక్ష జరుపు సంఘము అక్కడ 1900లో ఏర్పడి, 1901 జూనులో తొలి పరీక్ష జరిపినది. అందరును చేతితో జవాబులు వ్రాసిరి. 1926లో ఆ సంఘమే జవాబు గుర్తించు పద్ధతిలో ఎస్.ఎ.టి. అను పరీక్షను ప్రవేశపెట్టెను. 2005లో ఆ ఎస్.ఎ.టి.లో ఇరువదియైదు నిమిషముల వ్యాసమును చేర్చిరి. ఇరువురు పరీక్షకులు ఒకరి మార్కు ఒకరికి తెలియకుండ చదివి ఒకటి నుండి ఆరు వరకు వేసెడివారు. ఇరువురి మధ్య ఒకటికంటె ఎక్కువ తేడా వచ్చినచో మూడవవానికి పంపెడివారు. ఏర్పాటు చక్కగనే యుండెను. కాని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని లెస్ పెరెల్మన్ అను ఆచార్యుడు, ఆ సంఘము నమూనాగా ప్రకటించిన వ్యాసములను పరిశీలించి, పొడుగుగా వ్రాసినవారికే ఎక్కువ మార్కులు వచ్చుచున్నవనియు, అందలి విషయము తప్పైనను మార్కు తగ్గుటలేదనియు 2005లోనే చూపెను. 2016లో వ్యాసము ఐచ్ఛికమైనది. 2021లో దానిని తొలగింపనున్నట్లు ప్రకటించిరి.

అంతకంటె ముఖ్యమైనది 1961 నాటి పరిశోధన. నేడు జి.ఆర్.ఇ. నడుపుచున్న ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అను సంస్థలోనే పాల్ డీడెరిక్ అను ఆయన సహచరులిద్దరితో కలిసి దానిని చేసెను. కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థులు వ్రాసిన 300 వ్యాసములను 53 మందికి ఇచ్చిరి. వారిలో ఆంగ్లోపాధ్యాయులే గాక విజ్ఞానశాస్త్రము బోధించువారు, రచయితలు, న్యాయవాదులు, వ్యాపారసంస్థల అధికారులు కూడ గలరు. ఎట్లు కొలువవలెనో చెప్పక, తోచినట్లు ఒకటి నుండి తొమ్మిది వరకు తరగతులు వేయుమనిరి. ఫలితము చూచినవారు నివ్వెరపోవలసినదే. నూటికి 94 వ్యాసములకు ఏడుకు తక్కువగాక వేర్వేరు తరగతులు వచ్చెను. 101 వ్యాసములకైతే ఒకటి మొదలు తొమ్మిది వరకు అన్నియు వచ్చెను! ఒకనికి అధమమైనది వేరొకనికి ఉత్తమము.

ఇది చూచి, దిద్దువారందరు అసమర్థులని తలచువారు గలరు. అది తొందరపాటు. డీడెరిక్ అక్కడ ఆగక, ఎవరు దేనిని చూచి తరగతి వేసిరో వెదకెను. వారు అయిదు విధములుగా తేలిరి. ఒకరు భావములను చూచిరి, ఒకరు అక్షరదోషములను, వ్యాకరణమును, ఒకరు అమరికను, ఒకరు పదముల ఎంపికను, ఒకరు వ్రాసినవాని సొంత గొంతును. ఎవరి కన్ను వారిది. కావున ఒక్కరికి చూపి ఆ మాటనే తీర్పుగా గైకొనిన విద్యార్థికి వ్యాసములోని ఒక ప్రక్క మాత్రమే తెలియును. ముగ్గురికి చూపవలెను, ఆ ముగ్గురు ఒక తీరువారు కాకుండుట మేలు.

ఇట్టి ముగ్గురు ఏ గ్రంథాలయములోనైనను సాయంకాలము పత్రికల బల్లచుట్టు కూర్చుండియే యుందురు. ఒక ఉదాహరణము ఊహింతము. దేశాభివృద్ధికి పెద్దనగరములే ఆధారమన్న అభిప్రాయముపై ఒక బాలుడు వ్యాసము వ్రాసినాడు. పల్లెలు దేశమునకు వెన్నెముకయనియు, రైతే రాజనియు, పల్లె నవ్విన దేశము నవ్వుననియు రెండు పుటలు నింపినాడు. బల్లయొద్దనున్న వృద్ధునకు ఆంగ్లము రాదు. బాలుడు తాను వ్రాసినదానిని తెలుగున చెప్పవలెను. ఇదియే మొదటి పరీక్ష, ఏలయన భావమే లేనిదానిని ఏ భాషలోను చెప్పలేము. అంతయు విని ఆయన, ‘‘ఏమోయ్ అబ్బాయీ, ఊరిపాలు తెల్లవారుజామున పట్టణమునకే పోవుచున్నవి గదా! పట్టణము లేకున్న కొనువారెవరు?’’ అనును. బాలుడు, ‘‘అది నాకు తోచలేదు తాతగారూ’’ అనును. వెన్నెముక, రాజు, నవ్వు మూడును ఆ ఒక్క ప్రశ్నకు నిలువవు. పాలడబ్బా మాత్రము వ్యాసములోనికి వచ్చును.

రెండవ పాఠకురాలు డిగ్రీ చదివిన అక్కగారు అనుకొందము. ఆమె కలము పట్టక మొదట ఊరక చదువవలెను. చదివిన పిమ్మట, ‘నీవు చెప్పదలచినది ఇది’ అని ఒక్క వాక్యములో చెప్పవలెను. ఆ వాక్యము బాలుని మనసులోనిది కాకున్న, లోపము ఎచ్చటనో ఉన్నట్లే. తరచుగా అసలుమాట మూడవ పేరాలో దాగియుండును. ఇచ్చట అక్కగార్లకు ఒక హెచ్చరిక అవసరము. దయతో వ్యాసమంతయు తామే తిరిగి వ్రాసి ఇచ్చుట ఉపకారము కాదు, పరీక్షామందిరమున అక్కగారుండరు. సెల్‌ఫోనులో దిద్దు సౌకర్యమును వాడువారికిని ఇదే మాట వర్తించును.

వ్యాకరణము దిద్దు మాష్టారు చివరివారు. భావము కుదరకమునుపే అక్షరములు దిద్దుట, కూలనున్న గోడకు సున్నము వేయుట. తెలుగులో లేని ‘ఏ’, ‘ద’ అను ఆంగ్లపదములయొద్ద మన పిల్లలు తొట్రుపడుట సహజము. కాగితమంతయు ఎర్రబారినచో పిల్లవాడు దానిని మడిచి దాచును, చదువడు. ఒక మారునకు రెండు తప్పులు చూపి, వానినే అతనిచేత వెదకించుట చాలును.

పాఠకుల మాటలు ఒకదానికొకటి విరుద్ధముగ వచ్చినపుడు ఏది గ్రహించవలెనో బాలుడే తేల్చుకొనవలెను. తేల్చుకొనుటలోనే అతడు వ్రాయుట నేర్చును. తరువాత ఒక దినము విడిచి, పాత కాగితము చూడక, అరగంటలో మరల వ్రాయవలెను. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొని, క్రొత్తదానిని మరల తాతగారికి తెలుగున చెప్పవలెను. ఆయన ఈ మారు పాలను గూర్చి అడుగడు.